చంద్రుడి దుబ్బను కరెంటుతో దులపడం: బడుల్లో, చాయ్ హోటళ్లలో నన్ను అడిగే ప్రశ్నలు

హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇరవై ఎనిమిదేళ్లు ఈఎస్పీ మెయింటెనెన్స్ చూశాను. చిమ్నీ నుంచి దుమ్ము బయటికి పోకుండా పట్టుకునే యంత్రం అది. ఎలక్ట్రోడ్లు, హై వోల్టేజీ, దుమ్ము. నా సర్వీసంతా ఈ మూడింటి మధ్యే గడిచింది. చంద్రయాన్-3 దిగినప్పటి నుంచి చుట్టుపక్కల బడుల వాళ్లు పిల్లలతో మాట్లాడమని పిలుస్తున్నారు. మిర్యాలగూడ పోయినా, దేవరకొండ పోయినా, నాగర్‌కర్నూల్ పోయినా అవే డౌట్లు: చంద్రుడి దుబ్బ, అంటే అక్కడి సన్నని దుమ్ము, పరికరాలకు ఎందుకు అంటుకుంటుంది, దాన్ని కరెంటుతో ఎట్లా ఎగరగొడతారు అని. చెప్పి చెప్పి గొంతు పోతోంది, అందుకే రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు, వరుసగా చదవాల్సిన పని లేదు.

## ముందు దుబ్బ సంగతి

చంద్రుడి దుబ్బ కూడా మన పాలమూరు దుబ్బ లాంటిదే కదా సార్, అంత భయమెందుకు?

మూసీ ఇసుకను, క్రషర్ నుంచి వచ్చే రోబో శాండ్‌ను చెరో గుప్పెడు తీసుకుని నలిపి చూడండి. మూసీ ఇసుక వేళ్ల మధ్య జారిపోతుంది, రోబో శాండ్ గీరుకుంటుంది. నీళ్లలో దొర్లిన ఇసుక రేణువు అంచులు అరిగి గుండ్రబడుతుంది, పగలగొట్టిన రాయికి ఆ అవకాశం లేదు. చంద్రుడి మీద నీళ్లు పారలేదు, గాలి వీచలేదు. కోట్ల ఏళ్లుగా ఉల్కలు వచ్చి రాయిని కొట్టి పొడి చేస్తూనే ఉన్నాయి. ఆ వేడికి కరిగిన గాజు ముక్కలు పక్క రేణువులతో అతుక్కుని ముళ్లకాయల్లా తయారయ్యాయి. బరువు లెక్కన చూస్తే ఆ మట్టిలో సుమారు ఐదో వంతు 20 మైక్రాన్ల కన్నా సన్నం. మన వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది, దాంతో పోల్చుకోండి.

అక్కడ గాలే లేదు, మరి దుబ్బ ఎట్ల లేస్తది?

లేపేది ఎక్కువగా మనమే. 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండర్ దిగినప్పుడు దాని ఇంజన్ల మంట దాదాపు 2.06 టన్నుల పైమట్టిని కదిలించి, 108.4 చదరపు మీటర్ల మేర చిమ్మిందని ఇస్రో ఫొటోలు పోల్చి లెక్కగట్టింది. గాలి లేకపోవడం వల్ల ఇబ్బంది పెరుగుతుందే కానీ తగ్గదు. మన దగ్గర లేచిన దుమ్మును గాలి ఆపుతుంది, కొంత దూరం పోయి పడిపోతుంది. అక్కడ అడ్డుకునేది లేదు, విసిరిన రాయి లెక్క పోతూనే ఉంటుంది. 1969లో అపోలో 12 దిగిన చోటికి సుమారు 160 మీటర్ల దూరంలో సర్వేయర్ 3 అనే పాత ల్యాండర్ ఉంది. దాని ముక్కలు భూమికి తెచ్చి చూస్తే, దిగేటప్పుడు ఎగిరిన ఇసుక దాని ఒంటిని గీకేసినట్టు తేలింది.

చేత్తో దులిపేస్తే పోదా?

పోదు, ఇంకా లోపలికి దిగుతుంది. అంటుకోవడానికి మూడు కారణాలున్నాయి. మొదటిది ఆ ముళ్ల ఆకారం, అది బట్ట పోగుల్లో చిక్కుకుంటుంది. రెండోది ఛార్జ్. పగలు సూర్యుడి అతినీలలోహిత కిరణాలు రేణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి కాబట్టి అవి పాజిటివ్ అవుతాయి, రాత్రి సౌరగాలిలోని ఎలక్ట్రాన్లు వచ్చి చేరి నెగటివ్ అవుతాయి. తేమ లేదు కాబట్టి ఆ ఛార్జ్ త్వరగా దిగిపోదు. మూడోది, ఏ రెండు వస్తువులు బాగా దగ్గరైనా వాటి అణువుల మధ్య ఉండే సహజమైన ఆకర్షణ. ఇక్కడే అసలు తిరకాసు. రేణువు సైజు సగమైతే బరువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఆ పట్టు మాత్రం సగమే తగ్గుతుంది. అంటే ఎంత సన్నగా ఉంటే అంత మొండి. అపోలో వ్యోమగాములు బ్రష్‌లు పట్టుకుపోయారు. పైపై మట్టి రాలింది, సన్నని బూడిద రంగు పొర మాత్రం అట్లాగే ఉండిపోయింది.

నిజంగా ఎవరికైనా నష్టం జరిగిందా?

1972 డిసెంబరులో అపోలో 17 వాళ్ల రోవర్ చక్రం మీది మడ్‌గార్డ్ విరిగింది. మన బైకు మడ్‌గార్డ్ లేకుండా వానాకాలం పొలం దారిలో పోతే వీపంతా ఏమవుతుందో తెలుసు కదా, అదే అయింది. చివరికి నాలుగు మ్యాపులను టేపుతో అతికించి, క్లాంపులు బిగించి కొత్త మడ్‌గార్డ్ చేసుకున్నారు. రోవర్ బ్యాటరీలను చల్లబరిచే పలకల మీద దుమ్ము పడి బ్యాటరీలు వేడెక్కాయి. లోపలికి వచ్చాక హారిసన్ ష్మిట్‌కు ముక్కు దిబ్బడ పట్టింది. షాద్‌నగర్, కొత్తూరు వైపు పలుగురాయి పొడి మిల్లుల్లో పనిచేసిన కుటుంబాలకు సన్నని రాతిపొడి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో నేను చెప్పాల్సిన పని లేదు. చంద్రుడి మీద నెలల తరబడి ఉండే రోజు వస్తే ఆ బాధ అక్కడా ఉంటుంది.

## డిజైన్ దశ

కరెంటు పెడితే దుబ్బ ఎందుకు ఎగురుతుంది? షాక్ కొట్టినట్టా?

షాక్ కాదు. దుమ్ము నిలవకూడని చోట ఒక పలక పెడతారు. దాని లోపల సన్నని గీతల్లా ఎలక్ట్రోడ్లు, అంటే కరెంటు ఇచ్చే పట్టీలు, వరుసగా ఉంటాయి, వాటి మీద ఇన్సులేషన్ పొర ఉంటుంది. పక్కపక్క గీతలకు వేర్వేరు వోల్టేజీ ఇస్తే పలక పైన విద్యుత్ క్షేత్రం ఏర్పడుతుంది. ఛార్జ్ ఉన్న రేణువును అది తోస్తుంది. ఛార్జ్ లేని రేణువును కూడా వదలదు, క్షేత్రం ఒకచోట గట్టిగా, పక్కన పలుచగా ఉండటం వల్ల అది కూడా కదులుతుంది. గెంతి, రాసుకుని, ఆ రాపిడికి ఛార్జ్ తెచ్చుకుంటుంది. ఒక చిన్న లెక్క చెప్తాను. ఒక మిల్లీమీటరు గ్యాప్‌లో వెయ్యి వోల్టులు పెడితే మీటరుకు 10 లక్షల వోల్టుల క్షేత్రం. 50 మైక్రాన్ల రేణువును చంద్రుడి మీద ఎత్తడానికి ఆ క్షేత్రంలో దాదాపు 2000 ఎలక్ట్రాన్ల ఛార్జ్ చాలు. అయితే ఇది బరువు లెక్క మాత్రమే, అంటుకున్న పట్టు విడిపించడానికి దీనికి ఎన్నో రెట్లు కావాలి. నాసాలో దీన్ని ఎలక్ట్రోడైనమిక్ డస్ట్ షీల్డ్ అంటారు. మూలం పాతదే. 1970లలో టోక్యో విశ్వవిద్యాలయంలో సెనిచి మసుదా ఎలక్ట్రిక్ కర్టెన్ పేరుతో ఈ పద్ధతి మీద పనిచేశారు.

మన ఫ్యాక్టరీ ఈఎస్పీనే చిన్నది చేసి పంపితే సరిపోదా?

దామరచర్ల యాదాద్రి థర్మల్ ప్లాంటును చూసొచ్చిన పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. సరిపోదు, రెండింటి పని ఎదురెదురు. ఈఎస్పీలో సన్నని తీగకు నలభై, అరవై వేల వోల్టుల డీసీ ఇస్తాం. తీగ చుట్టూ గాలి అయాన్లుగా విడిపోతుంది, అవి దుమ్ముకు ఛార్జ్ ఎక్కించి ఎదురు ప్లేటుకు అతికిస్తాయి. తర్వాత సుత్తులతో ప్లేటును కొడితే దుమ్ము హాపర్‌లో పడుతుంది. చంద్రుడి మీద అయాన్లు చేయడానికి గాలే లేదు. అక్కడ మనం చేయాల్సింది అంటుకున్నదాన్ని ఊడగొట్టడం, అందుకే ఏసీ కావాలి. సెకనుకు పది, ఇరవై సార్లు దిశ మారే నెమ్మది ఏసీ, వోల్టేజీ వెయ్యి నుంచి మూడు వేల దాకా. సుత్తి ఉండదు, కదిలే భాగం ఒక్కటీ ఉండదు. ఇరవై ఎనిమిదేళ్లు సుత్తుల బేరింగులు మార్చినవాణ్ని, నాకు దాంట్లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

ఎలక్ట్రోడ్ల మధ్య గ్యాప్ ఎంత ఉండాలి? దగ్గరగా పెడితే మంచిదేనా?

డిజైన్ అంటే అసలు ఇదే. చాలామంది వోల్టేజీ పెంచితే చాలనుకుంటారు, నన్నడిగితే గ్యాప్ తర్వాతే వోల్టేజీ.

గీతలు దగ్గరగా ఉంటే పలకను ఆనుకుని క్షేత్రం బలంగా ఉంటుంది కానీ పైకి పోయేకొద్దీ చప్పున పడిపోతుంది. దూరంగా ఉంటే పైదాకా అందుతుంది కానీ బలం రావాలంటే వోల్టేజీ పెంచాలి. ఉదాహరణకు త్రీ ఫేజ్ పలకలో ఒక గీత నుంచి పక్క గీతకు ఒక మిల్లీమీటరు ఉందనుకోండి. పలక నుంచి అర మిల్లీమీటరు పైకి పోయేసరికి క్షేత్రం మూడో వంతుకు దగ్గరవుతుంది. కాబట్టి సన్నని దుమ్ము పలుచగా పడే కెమెరా అద్దానికి దగ్గర గీతలు కావాలి, మందంగా మట్టి పడే చోట దూరం గీతలు కావాలి. అన్నిటికీ ఒకే కొలత పెట్టిన డిజైన్ కాగితం మీదే బాగుంటుంది. మామూలుగా చేసేవి అర మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల మధ్య ఉంటాయి.

పైన వేసే ఇన్సులేషన్ మందంతోనూ ఇదే పేచీ. మందం ఎక్కువైతే దుమ్ము క్షేత్రానికి దూరమవుతుంది, తక్కువైతే పొర చిల్లిపడుతుంది. గీతల చివరలు, మలుపులు కోసుగా ఉండకూడదు. కోసు దగ్గర క్షేత్రం కుప్పపడుతుంది, పలక కాలేది అక్కడే. మా ఫ్యాక్టరీలో తీగకు కావాలనే ముళ్లు పెట్టేవాళ్లం, ఇక్కడ ముళ్లన్నీ గుండ్రం చేయాలి.

సింగిల్ ఫేజ్ చాలా, త్రీ ఫేజ్ కావాలా?

రెండూ పని చేస్తాయి. సింగిల్ ఫేజ్‌లో గీతలు ఒకటి విడిచి ఒకటి పాజిటివ్, నెగటివ్ అవుతుంటాయి. రేణువు ఉన్నచోటే అటూ ఇటూ గెంతుతుంది, ఆ గెంతుల్లో కొన్ని అంచు దాటి పడిపోతాయి. త్రీ ఫేజ్‌లో మూడు గీతలకు వరుసగా 120 డిగ్రీల తేడాతో వోల్టేజీ ఇస్తారు. అప్పుడు క్షేత్రం అలలాగా ఒక దిక్కుకు నడుస్తుంది, దుమ్మును ముందుకు తోసుకుంటూ పోతుంది. బోరు మోటారుకు రెండు ఫేజుల వైర్లు తారుమారైతే ఉల్టా తిరుగుతుంది కదా, ఇక్కడా రెండు ఫేజులు మార్చితే అల ఉల్టా నడుస్తుంది, దుమ్మును రెండో పక్కకు తోయొచ్చు.

మరి అందరూ త్రీ ఫేజే పెట్టుకోవచ్చు కదా అంటే, వైరింగ్ దగ్గర చిక్కు వస్తుంది. సింగిల్ ఫేజ్ అయితే రెండు దువ్వెనలను ఎదురెదురుగా పెట్టి పళ్లను ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టు ఒకే పొరలో గీయొచ్చు. మూడో దువ్వెన వస్తే ఎక్కడో ఒక చోట ఒక గీత ఇంకో గీతను దాటాలి. దాటే చోట ఇన్సులేషన్ పెట్టాలి, లేదంటే రెండో పొరలో తేవాలి. ఆ దాటే చోటే బలహీనం. దీన్ని తప్పించడానికి మూడు గీతలను పక్కపక్కనే పెట్టి జంతిక చుట్టినట్టు చుడతారు. అప్పుడు ఏదీ దేన్నీ దాటదు, మూడింటికీ బయటి అంచునే కనెక్షన్ ఇవ్వొచ్చు.

కెమెరా అద్దం మీద రాగి గీతలుంటే ఫొటో ఎట్ల వస్తది?

అక్కడ రాగి వాడరు. ఇండియం టిన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని పలుచని పొరగా వేస్తారు, అది వెలుగును పోనిస్తుంది, కరెంటునూ పోనిస్తుంది. మీ ఫోన్ టచ్ స్క్రీన్‌లో ఉండేది ఇదే. రాగితో పోలిస్తే దీని రెసిస్టెన్స్ ఎక్కువ, కానీ ఇక్కడ పారే కరెంటే చాలా స్వల్పం కాబట్టి ఇబ్బంది లేదు. వెలుతురు అవసరం లేని, వేడిని బయటికి పంపే రేడియేటర్ పలకల లాంటి చోట్ల రాగి గీతలు వాడుకోవచ్చు.

స్పేస్ సూట్ మోకాలి దగ్గర మడత పడుతుంది, గీతలు తెగిపోవా?

ఇండియం టిన్ ఆక్సైడ్ అయితే పగులుతుంది, రాగి తీగ మడతపడీ మడతపడీ తెగుతుంది. అందుకే అంతరిక్ష ఇంజనీరు కావ్య మన్యపు బృందం కార్బన్ నానోట్యూబ్‌లతో, అంటే కార్బన్‌తో చేసిన అతి సన్నని గొట్టాలతో, తయారైన దారాన్ని బట్టలోనే కలిపి ఎలక్ట్రోడ్‌గా వాడే పద్ధతిని రూపొందించింది. మెత్తగా వంగుతుంది, కరెంటు పారుతుంది. పోచంపల్లి మగ్గం చూసినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. పడుగులో ఎన్ని దారాలకు ఒకటి ఈ దారం వేయాలన్నదే అక్కడ గ్యాప్ లెక్క.

కరెంటు బాగా తాగుతుందా?

లేదు. వోల్టేజీ వేలల్లో ఉన్నా పారే కరెంటు అతి తక్కువ, పైగా పలక కెపాసిటర్‌లా పనిచేస్తుంది. దుమ్ము పడినప్పుడు కాసేపు వేస్తే చాలు. బరువు తూగేది హై వోల్టేజీ ఇచ్చే డబ్బా.

## చేసి చూసే దశ

భూమి మీద ఎట్ల పరీక్షిస్తారు? చంద్రుడి మట్టి ఎక్కడ దొరుకుతుంది?

అపోలో తెచ్చిన అసలు మట్టి చాలా విలువైనది, ఇట్లాంటి రోజువారీ పరీక్షలకు దొరకదు. అందుకని నకిలీ మట్టి చేస్తారు. నాసా వాళ్లు అరిజోనాలోని అగ్నిపర్వత బూడిదతో జేఎస్‌సీ-1ఏ అనేది చేశారు. మనవాళ్లు తమిళనాడులోని సిత్తంపూండి, కున్నమలై గ్రామాల అనార్థొసైట్ రాయిని పొడి చేసి బెంగళూరులో విక్రమ్ ల్యాండర్, ప్రజ్ఞాన్ రోవర్ పరీక్షలకు వాడారు. చంద్రుడి ఎత్తైన ప్రాంతాల్లో ఉండే రాయి ఆ రకమే.

మట్టిని ముందు వేడి చేసి తేమ పోగొట్టాలి. తర్వాత వాక్యూమ్ చాంబర్‌లో పెట్టి గాలి తీయాలి, నెమ్మదిగా తీయాలి. తొందరపడితే రేణువుల మధ్య ఇరుక్కున్న గాలి ఒక్కసారిగా బయటికొచ్చి అన్నం ఉడికినట్టు మట్టి పొంగి చాంబరంతా చిమ్ముతుంది. జల్లెడతో పలక మీద చల్లి, కరెంటు వేసి, ముందూ వెనకా బరువు తూస్తారు. పలక కింద సోలార్ సెల్ ఉంటే దాని ఉత్పత్తి ఎంత తిరిగొచ్చిందో చూసినా సరిపోతుంది.

మీరెప్పుడైనా చేసి చూశారా?

చూశాను. సర్వీసులో ఉండగా ఒక ఆదివారం, కరెంటు పరిమితి పెట్టిన టెస్ట్ సప్లైతో, మా ఇంజనీరు పక్కన ఉండగా. పాత గాజు పలక మీద ఎనిమిది రాగి టేపు పట్టీలు అతికించి, పైన పలుచని ప్లాస్టిక్ షీటు వేశాం. గ్యాప్ కంటి అంచనాతో పెట్టాను, అదే తప్పు. ఏప్రిల్ నెల, గాలి ఎండి ఉంది. సిమెంటు పొడి చల్లి వోల్టేజీ పెంచుతుంటే మొదట ఏమీ కాలేదు. తర్వాత ఒక్కసారిగా పొడి కదిలి, దుక్కి దున్నిన చాళ్ల మాదిరి గీతలు గీతలుగా సర్దుకుంది. అబ్బా అనుకునే లోపు ఒక మూల 'టిక్' అంది. చిన్న నీలం మెరుపు, ఉరుములు మెరుపులు వచ్చినప్పటి వాసన. తీసి చూస్తే ఆ చోట రెండు పట్టీలు సగం దగ్గరికి వచ్చి ఉన్నాయి, షీటు మీద ఆవగింజంత గోధుమ రంగు మచ్చ. అదే పలకకు కొత్త షీటు వేసి, ఆ రెండు పట్టీలు సరిచేసి ఆగస్టులో మళ్లీ పెట్టాం. ముసురు పట్టిన రోజు. సిమెంటు ముద్దకట్టి ఇంచు కూడా కదల్లేదు.

సైన్స్ ఫెయిర్‌లో మేం చేయొచ్చా? దోమల బ్యాట్ సర్క్యూట్ తీసి వాడొచ్చా?

వద్దు. దోమల బ్యాట్ లోపలి కెపాసిటర్ స్విచ్ ఆపేసిన తర్వాత కూడా ఛార్జ్ పట్టుకుని ఉంటుంది, వెయ్యి వోల్టుల పైనే. టీచర్లు కూడా ఈ విషయంలో మొహమాటపడొద్దు. దానికి బదులు ప్లాస్టిక్ స్కేలును నెత్తికి రుద్ది తవుడు మీద పెట్టండి. తవుడు అతుక్కుంటుంది, కాసేపటికి కొన్ని పొట్టులు వాటంతట అవే ఎగిరిపోతాయి. స్కేలు నుంచి అదే రకం ఛార్జ్ అందుకుని వికర్షణకు గురైనవి అవి. ఎండాకాలం ఒకసారి, వానాకాలం ఒకసారి చేసి తేడా రాయండి, మంచి ప్రాజెక్టు అవుతుంది.

## చంద్రుడి మీద

ఇప్పటిదాకా అక్కడ ఎవరైనా పెట్టి చూశారా?

చూశారు. 2019లో ఈ పలకలను అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం బయట పెట్టి, శూన్యానికీ రేడియేషన్‌కూ తట్టుకుంటాయో లేదో పరీక్షించారు. 2025 మార్చి 2న ఫైర్‌ఫ్లై కంపెనీ వాళ్ల బ్లూ గోస్ట్ ల్యాండర్ చంద్రుడి మీద మేర్ క్రిసియం మైదానంలో దిగింది. అందులో నాసా కెన్నెడీ స్పేస్ సెంటర్ వాళ్ల డస్ట్ షీల్డ్ ఉంది. గాజు పలక మీద, రేడియేటర్ పలక మీద పడిన అసలు చంద్రుడి మట్టిని అది తొలగించింది. ముందు, తర్వాత ఫొటోలు పక్కపక్కన పెట్టి పిల్లలకు చూపిస్తే ఇక నేను మాట్లాడే పనే ఉండదు.

మన చంద్రయాన్-3లో ఇది ఉందా?

దాని పరికరాల జాబితాలో ఇది లేదు. విక్రమ్, ప్రజ్ఞాన్ పని చేయాల్సింది ఒక చంద్ర పగలు, అంటే మన లెక్కన సుమారు 14 రోజులే. కానీ ఎలక్ట్రోడ్ డిజైన్ చేసేవాళ్లకు పనికొచ్చే కొలత ఒకటి విక్రమ్ పంపింది. రంభా-ఎల్‌పీ అనే పరికరం కొలతలతో 2023లో ఇస్రో ఇచ్చిన తొలి అంచనా ప్రకారం అక్కడి నేల దగ్గర ఘనపు మీటరుకు 50 లక్షల నుంచి 3 కోట్ల దాకా ఎలక్ట్రాన్లు ఉన్నాయి. వినడానికి పెద్ద అంకెలే కానీ ప్లాస్మా, అంటే ఛార్జ్ ఉన్న కణాల వాయువు, లెక్కన అది చాలా పలుచన. దుమ్ముకు ఛార్జ్ ఎట్లా ఎక్కుతుందో లెక్కగట్టాలంటే ఇట్లాంటి కొలతలు కావాలి.

పగలు పాజిటివ్, రాత్రి నెగటివ్ అంటారు. మరి పలకకు ఏది ఇవ్వాలి?

ఏసీ ఇస్తారు కాబట్టి ఆ బెంగ లేదు. దిశ మారుతుంటుంది, ఏ ఛార్జ్ ఉన్న రేణువుకైనా దాని వంతు తోపు వస్తుంది.

ఇదే పలకను మార్స్ మీద పెట్టొచ్చా?

నేరుగా కుదరదు. చంద్రుడి మీద దాదాపు శూన్యం, మన దగ్గర నిండు గాలి. రెండు చోట్లా వేల వోల్టులు తట్టుకోవచ్చు. మార్స్ మీద గాలి పీడనం మన దాంట్లో వందో వంతు కన్నా తక్కువ. అంత పలుచని వాయువులో తక్కువ వోల్టేజీకే మెరుపు పుడుతుంది. అక్కడ వోల్టేజీ తగ్గించి గ్యాప్‌లు మళ్లీ లెక్కేయాలి.

కరెంటు తప్ప వేరే దారి లేదా?

ఉన్నాయి. 2023లో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ వాళ్లు బార్బీ బొమ్మకు స్పేస్ సూట్ బట్ట తొడిగి, నకిలీ చంద్ర దుమ్ము పూసి, ద్రవ నైట్రోజన్ చల్లారు. 98 శాతానికి పైగా దుమ్ము పోయింది. పెనం మీద నీటిచుక్క తేలి పరుగెత్తినట్టు ఆ ద్రవం బిందువులు దుమ్మును ఎత్తుకుని పోతాయి. లోపలికి వచ్చే ముందు సూట్ కడుక్కోవడానికి ఇది బాగుంటుంది. ఎక్కడో దూరంగా మనిషి లేకుండా నిలబడ్డ కెమెరాకు మాత్రం ఎలక్ట్రోడే దిక్కు.

## మళ్లీ మన ఇంటికొస్తే

మా డాబా మీద సోలార్ ప్యానెళ్లకు ఇది పెట్టించుకోవచ్చా? నీళ్లకే ఇబ్బందిగా ఉంది.

రైతులు అడిగే మొదటి ప్రశ్న ఇది, పిల్లలు అడిగే చివరి ప్రశ్న. ఇప్పటికైతే వద్దనే చెప్తున్నాను. మన దగ్గర రాత్రి మంచు పడి దుమ్ము తడిసి, పొద్దున ఎండకు గచ్చులా గట్టిపడుతుంది. అట్లా అతికిన పొరను ఈ క్షేత్రం ఊడగొట్టలేదు. పైగా పారదర్శక ఎలక్ట్రోడ్ల ఖర్చు ప్యానెల్ ధరకు పొసగదు. 2022లో ఎంఐటీ వాళ్లు పలకలో గీతలు లేకుండా, ప్యానెల్ మీదుగా ఒక ఎలక్ట్రోడ్‌ను జరుపుకుంటూ పోయి దుమ్మును ఎగరగొట్టే పద్ధతి చూపించారు. గాలిలో తేమ 30 శాతం కన్నా ఎక్కువ ఉంటేనే అది బాగా పని చేస్తుంది. దుమ్ము రేణువుకు ఛార్జ్ ఎక్కడానికి అక్కడ తేమే సాయం చేస్తుంది. అది మన ఊరి అంగడికి వచ్చినప్పుడు చూద్దాం. అప్పటిదాకా పొద్దున్నే, ప్యానెల్ వేడెక్కక ముందు, మెత్తని తడిబట్టతో తుడవండి. సర్ఫ్ పొడి వేయొద్దు, గీతలు పడతాయి.